ఈ పటం ఎక్కడిది?

మా యింటికి కొత్తగా వచ్చినవారెవరైనా సరే, ముందుగదిలో కూర్చుని మంచినీళ్లు తాగేలోపల తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఈ పటం ఎక్కడిదండీ?"

వారి తప్పేమీ లేదు. గోడమీద వున్న ఆ పటం చూస్తే ఎవరికైనా తికమకే. సముద్రంలో తెరచాప ఓడలు, వాటి పక్కన ఓడంత చేప, ఎడారిలో వరసగా డేరాలు! "పాలస్తీనా దేశపటం లెండి. బైబిలులో చెప్పిన వూళ్లన్నీ ఇందులో వున్నాయి. మూడువందల యేళ్ల పైబడిన కాగితం" అంటాను. "అలాగా!" అని, వారు మా ఆవిడ వైపు జాలిగా చూస్తారు.

నేను ముప్ఫయ్యేళ్లపాటు బడిపిల్లలకు భూగోళం చెప్పినవాణ్ణి. కృష్ణానది గీత కాస్త పక్కకు పోతే బెత్తం అందుకున్నవాణ్ణి. అటువంటివాడికి తప్పుల తడక పటాలమీద మోజు కలగడం చిత్రమే గదా! లండనులో కాపురమున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, అక్కడి పాతపుస్తకాల అంగళ్లలో ఈ జబ్బు అంటుకుంది.

ఆ తప్పులు ఎంత ముచ్చటైనవనుకున్నారు! 1525లో జూరిక్ నగరంలో ఫ్రోషౌవర్ అనే ఆయన పాత నిబంధన అచ్చువేస్తూ అందులో ఒక పటం చేర్చాడు. అచ్చయిన బైబిలులో పటం చేరడం అదే మొదలు. తీరా చూస్తే అద్దంలో నీడలాగా బొమ్మ తారుమారయింది. పడమట వుండవలసిన మధ్యధరా సముద్రం తూర్పుకు వెళ్లి కూర్చున్నది! మరికొన్ని పటాల్లో కీషోను నది గలిలయ సముద్రాన్నీ మధ్యధరా సముద్రాన్నీ కలుపుతూ పారుతుంది. మృత సముద్రం నడుమ సొదొమ, గొమొర్రా పట్టణాలు ఇంకా మండుతూనే వుంటాయి. అడ్రికోమ్ అనే డచ్చి మతాచార్యుడు పుణ్యక్షేత్రాలకు అంకెలు వేసి మరీ యెరూషలేము నగరపటం తయారుచేశాడు. ఆయన ఆ వూరి మొహం చూసినవాడు కాదు. అయినా 1590లో అచ్చయిన ఆయన పుస్తకాన్ని చూసి తరువాతివాళ్లు ఎన్నో పటాలు గీసుకున్నారు.

1695లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదుల పస్కాపండుగ పుస్తకం ఒకటి వెలువడింది. అందులోని పటమైతే చూడముచ్చట. ఐగుప్తుకు గుర్తుగా మొసలిమీద కూర్చున్న స్త్రీ. పాలూ తేనే ప్రవహించే దేశమన్నందుకు గుర్తుగా ఆవులూ, తేనెపట్టులూ! బ్రిటిషువారు 1870లలో ఆ దేశమంతా కొలిచి, 1880లో 26 షీట్ల పటం అచ్చువేశారు. అది చాలా సరైన పటం. కాని అందులో ఆవులు లేవు.

ఇలాంటివి కొనేవారికి మొదటి భయం, నకలు అంటగడతారేమోనని. నాకు తెలిసిన గుర్తులు చెబుతాను. పాతకాలంలో రాగిరేకుమీద సన్నని ఉలితో బొమ్మను ఎడమకుడిగా చెక్కేవారు. గాట్లలో సిరా దట్టించి, పైన తుడిచేసి, తడికాగితం పరిచి మరలో గట్టిగా నొక్కేవారు. అందుచేత బొమ్మచుట్టూ రేకు అంచు నొక్కుకున్న గుర్తు చేతికి తగులుతుంది. కాగితం వెలుతురుకు పట్టి చూస్తే జల్లెడ గీతలు కనబడతాయి. ఆకుపచ్చ రంగు రాగిచిలుముతో చేసినదైతే, వెనకవైపు గోధుమరంగు మచ్చ తేలుతుంది. చాలావాటికి వెనక లాటిన్‌లోనో డచ్చిలోనో అచ్చక్షరాలు వుంటాయి. మధ్యమడతకు సన్నని కాగితపు పట్టీ అంటించి వుంటుంది. ఈ చివరి రెండూ చూపించి "అసలుదేనండీ, అనుమానం లేదు" అని ఎంతమంది దగ్గర గొప్పలు పోయానో!

మూడేళ్ల కిందట లండను వెళ్లినప్పుడు, నేనెరిగిన ఒక అంగడివాడు బల్లమీద లావుపాటి డచ్చి బైబిలు పెట్టి చూపించాడు. పదిహేడో శతాబ్దానిది. ఆ కాలపు డచ్చి బైబిళ్లలో ఇలాంటి పటాలు కలిపి కుట్టించుకోవడం వాడుకే. అందులో ఏదెను తోట పటం ఒకటుంది. ఏళ్లతరబడి దానికోసమే నా వెతుకులాట!

"మొత్తం పుస్తకం మీకు బరువవుతుంది. ఈ ఒక్కటీ కోసి ఇస్తాను. మిగతావి విడివిడిగా పోతాయి" అన్నాడు. ఇల్లు పడగొట్టి తలుపులూ దూలాలూ అమ్మితే యింటికన్నా ఎక్కువ పలికినట్టే ఆ లెక్క.

ధర నా నెల పింఛను. జేబులో చెయ్యి పెట్టాను కూడా. ఊరికే మొదటి పేజీ తిప్పాను. ఖాళీ కాగితంమీద చేతిరాతతో పేర్లు, తేదీలు. ఏడుగురు పిల్లలు. ఒక పేరు ఎదుట రెండు తేదీలున్నాయి. మధ్య తేడా పదకొండు రోజులు. మా నాయనగారు భాగవతం అట్టలోపల మా పుట్టిన తిథులూ నక్షత్రాలూ రాసిపెట్టేవారు. ఆ పుస్తకం కళ్లముందు మెదిలింది.

"కొయ్యకండి, మొత్తంగానే ఎవరికైనా ఇవ్వండి" అన్నాను. "నేను కాకపోతే ఇంకొకడు కోస్తాడు" అన్నాడు నవ్వుతూ. పదిహేను రోజుల తరువాత అటువైపు వెళితే ఏదెను తోట అద్దంలో బిగించి కిటికీలో వేలాడుతున్నది. నేను డబ్బివ్వకపోతే బైబిలు దక్కిందా? దక్కలేదు.

ఇంటికొచ్చాక గోడమీది పటం దింపి, చట్రం విప్పి వెనక్కి తిప్పాను. ఆ అచ్చక్షరాలే, ఆ కాగితపు పట్టీయే. ఇన్నాళ్లూ అసలుదనడానికి సాక్ష్యమని చూపిస్తూ వచ్చినవి, అది ఏదో పుస్తకం కడుపుకోసి తీసినదనడానికీ సాక్ష్యమే. చూసే కళ్లు నాకు లేకపోయాయి.

"తీసి పారేస్తారా యేం?" అన్నది మా ఆవిడ.

పారేస్తే తిరిగి అతుక్కుంటుందా? మళ్లీ గోడకే తగిలించాను. కాని విడికాగితాలు కొనడం మానేశాను. ఎరాన్ లావోర్ అనే ఆయన జన్మంతా కూడబెట్టిన పవిత్రభూమి పటాలను యెరూషలేములోని జాతీయ గ్రంథాలయానికి ఇచ్చివేశాడు. ఇవాళ వాటిని కంప్యూటరులో ఎవరైనా చూడవచ్చు. మా మనుమడు పెట్టిస్తాడు, నేను చూస్తాను. చేతికి రేకు గుర్తు తగలదు. ఆ లోటు లోటే.

మొన్న ఒకాయన వచ్చి మంచినీళ్లు తాగుతూ అడిగాడు. "ఈ పటం ఎక్కడిదండీ?"

"ఒక పుస్తకంలోదండీ" అన్నాను.