ధనుర్వాతం: నరంలో చేరే విషం



కాలికి మేకు గుచ్చుకుంటే, పార తగిలి తెగితే, "చిన్న దెబ్బే కదా" అని బూడిదో, పసుపో అద్ది ఊరుకునే వారు మనలో చాలామంది. మట్టిలోనూ, పశువుల పేడలోనూ ధనుర్వాత క్రిములు విత్తనాల వంటి రూపంలో ఏళ్ళ తరబడి నిలిచి ఉంటాయి. గాలి సోకని లోతైన గాయం దొరికితే అవి మేల్కొని విషాన్ని పుట్టిస్తాయి.

క్రిమి గాయం దగ్గరే ఉండిపోతుంది. ప్రయాణం చేసేది విషమే. అది నరాల కొసలలో ప్రవేశించి, లోలోపలే వెన్నుపాము వరకు చేరుతుంది. కండరాలను బిగించే నరకణాలతో పాటు, వాటిని అదుపులో ఉంచే కణాలను కూడా దేవుడు మనలో అమర్చాడు. విషం ఈ రెండవ రకం కణాలలో దూరి, వాటి సందేశం బయటికి వెళ్ళడానికి అవసరమైన ఒక మాంసకృత్తును కత్తెరలా తుంచుతుంది. ఇటలీలోని పాదువా శాస్త్రజ్ఞులు తమ సహచరులతో కలిసి 1992లో ఈ సంగతి వెల్లడించారు. అదుపు పోవడంతో దవడలు బిగుస్తాయి, ఒళ్ళు విల్లులా వంగుతుంది, చిన్న చప్పుడుకే ఈడ్పులు వస్తాయి. స్పృహ మాత్రం ఉంటుంది. అందుకే ఆ బాధ మరీ దారుణం.

దీనికి చికిత్స ఉందా? ఉంది. గాయాన్ని శుభ్రపరచి, క్రిములను చంపే మందులిస్తారు. విరుగుడు ఇంజక్షన్ నరాలలో ఇంకా చేరని విషాన్ని పట్టి నిర్వీర్యం చేస్తుంది. నరకణంలో చేరిపోయిన దానిని మాత్రం అది తాకలేదు. నరాలు కోలుకునే వరకు, వారాల తరబడి, ఈడ్పులు తగ్గించే మందులతో, అవసరమైతే శ్వాస యంత్రంతో ప్రాణం నిలపాలి. ఒకసారి వచ్చి తగ్గినవారికి కూడా మళ్ళీ రాదన్న హామీ లేదు. వారూ టీకా వేయించుకోవలసిందే.

కనుక ముందు జాగ్రత్తే మేలు. బిడ్డలకు 6, 10, 14 వారాలకు, 16-24 నెలల మధ్య, 5 ఏళ్ళు దాటాక, 10, 16 ఏళ్ళకు టీకాలు తప్పనిసరి. గర్భిణులకు టి.డి. ఇంజక్షన్లు, శుభ్రమైన పురుడు వల్లనే పసికందుల ధనుర్వాతాన్ని 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 2015లో దేశమంతా అదుపు చేయగలిగాయి. కాని మట్టిలో క్రిమి ఇంకా ఉంది. గాయమైతే సబ్బుతో, ధారగా పోసే నీటితో కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి.

మంచి సమరయుడు గాయపడినవాని మీద జాలిపడి ఊరుకోలేదు, గాయాలు కట్టాడు. మన ఇంటివారి కొరకు ప్రార్థన చేద్దాం, వారి టీకా కార్డు కూడా ఈ రోజే తీసి చూద్దాం.