మూడడుగుల ట్రింకోమలీ

1812 డిసెంబరు 29న బ్రెజిల్ తీరానికి ఆవల జావా అనే ఆంగ్ల యుద్ధనౌక అమెరికావారి కాన్‌స్టిట్యూషన్ చేతిలో ఓడిపోయింది. విజేతలు దానిని తగులబెట్టారు. దానితోపాటు, బొంబాయిలో కట్టవలసిన మరొక యుద్ధనౌక నక్షాలు కూడా పోయాయి.

నక్షాలను మళ్ళీ పంపవలసి వచ్చింది. 1816 మే నెలలో బొంబాయి నౌకానిర్మాణశాల అధిపతి జంషెట్జీ బొమన్‌జీ వాడియా, పార్సీల ఆచారం ననుసరించి అడుగుదూలంలో వెండిమేకు దిగగొట్టి పని ఆరంభించాడు. నెపోలియన్ యుద్ధాల మూలంగా ఇంగ్లండులో ఓక్ కలప కరువైనందున ఓడను మలబారు టేకుతో కట్టారు. 1817 అక్టోబరు 12న జలప్రవేశం చేసిన ఆ ట్రింకోమలీ నేటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవున నీటిమీదనే ఉన్నది. దాని మూలరూపం మాత్రం ఆంగ్లేయులది కాదు. 1782లో ఫ్రెంచివారి నుండి పట్టుకున్న హెబే అనే ఓడది!

ఇట్టి నౌకకు కొయ్య నమూనా చేయబూనినవాడు కూడా వాడియా వలెనే కాగితం నుండి బయలుదేరవలసిందే. అడుగుకు పావు అంగుళం చొప్పున, అనగా 48వ వంతుకు, తగ్గిస్తే నూటయేభై అడుగుల ఓడ మూడడుగుల పైచిలుకు అవుతుంది. నమూనాలో ఒక మిల్లీమీటరు తప్పు, అసలు ఓడలో సుమారు రెండంగుళాల తప్పుతో సమానం.

అసలు ఓడ టేకుదే అయినా నమూనాకు టేకు పనికిరాదు. దాని ఈనె ముతక. చిన్న పలక మీద ఆ గీతలు కాలువల వలె కనిపిస్తాయి. అందుకే సన్నని ఈనెగల పియర్ కర్రనో, బాక్స్‌వుడ్‌నో ఎన్నుకుంటారు.

అడుగుదూలానికి గాడులు కోసి, ఓడ అడ్డుకోత ఆకారంలో చెక్కలు నిలబెడతారు. వాటిమీద సన్నని బద్దను వంచి చూస్తే ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం ఉన్నదో తెలుస్తుంది. ఎత్తును ఉప్పుకాగితంతో అరగదీయాలి. పల్లానికి అతుకు వేయాలి. తరువాత పలకలు. నీటిలో నానబెట్టి, వేడిచేసి వంచి, కుడివైపు ఒకటి అంటిస్తే ఎడమవైపు ఒకటి అంటించాలి. ఒకే పక్క పని సాగిస్తే అడుగుదూలమే మెలి తిరుగుతుంది. ముందు భాగంలో చుట్టుకొలత తక్కువ కనుక ప్రతి పలకనూ అటువైపు సన్నగా చెక్కాలి. తొందరపడినవాని పని బయటపడేది ఇక్కడే.

తాళ్ళ పని మరొక ఎత్తు. మూడు స్తంభాలకు నిచ్చెనల వంటి తాళ్ళు, వాటి ప్రతి కూడలిలో ఒక ముడి. లెక్కిస్తే వేలకు చేరుతాయి. దారం నూగు లేవకుండా తేనెమైనం రాస్తారు. స్తంభాలను నిలబెట్టే తాళ్ళు తారు పూసినట్లు నల్లగాను, తెరచాపలను కదిలించేవి లేతరంగులోను ఉండాలి. సాయంకాలం వేళల్లో మాత్రమే పనిచేసేవారికి ఇదంతా ఏళ్ళ తరబడి సాగుతుంది.

పన్నెండో పలక దగ్గర ఎడమచెంప కొంచెం ఉబ్బినదని తెలిసిందనుకోండి. లప్పం పూసి, రంగువేస్తే ఇంటికి వచ్చే చుట్టం కనిపెట్టలేడు. కాని ఆ ఉబ్బు మీద పదమూడో పలక కూర్చోదు. కూర్చోబెడితే పద్నాలుగోది మొరాయిస్తుంది. చేయి తిరిగినవాడు గోరువెచ్చని నీటితో గుడ్డ తడిపి, అతుకు మీద పరచి, జిగురు మెత్తబడేదాకా కూర్చుంటాడు. ఆనాటికి అతని పని పదకొండో పలకతో ఆగుతుంది.