కీబోర్డూ ఓ పోపులపెట్టే!

మీ పోపులపెట్టెలో ఆవాలు ఏ గిన్నెలో ఉన్నాయో కళ్లు మూసుకుని చెప్పగలరు కదూ? నూనె కాగుతుంటే చెయ్యి దానంతటదే అటు వెళ్తుంది. అదే చుట్టాలింట్లో వంట చెయ్యాల్సి వస్తే జీలకర్ర కోసం నాలుగు డబ్బాల మూతలు తియ్యాలి. మన పెట్టె మన చేతివాటానికి తగ్గట్టు సర్దుకున్నాం, అంతే తేడా. కంప్యూటర్ కీబోర్డును కూడా ఇలాగే సర్దుకోవచ్చని మీకు తెలుసా?

కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులూ, పచ్చళ్ల ధరల పట్టికలూ ఇంటి దగ్గరే టైపు చేసి నాలుగు డబ్బులు సంపాదించుకునే చెల్లెళ్లు మనలో ఎందరో ఉన్నారు. పేజీకి ఇంత అని ఇచ్చే పనిలో వృథా అయ్యే నిమిషం మన డబ్బే. మౌస్ పట్టుకుని, పైన మెనూలో వెతికి, నొక్కి, మళ్లీ కీబోర్డు మీదికి రావడానికి 4 సెకన్లు పట్టిందనుకోండి. రోజుకు 300 సార్లయితే 1200 సెకన్లు, అంటే 20 నిమిషాలు! పైగా సాయంత్రానికి మణికట్టు లాగేస్తుంది. ఆ చేత్తోనే మళ్లీ చపాతీ పిండి కలపాలాయె!

కంట్రోల్‌తో సి నొక్కితే కాపీ, వి నొక్కితే పేస్ట్ అని అందరికీ తెలిసిందే. ఇవి వాళ్లు సర్ది ఇచ్చినవి. కొన్ని పనులకు వాళ్లు కీలు ఇవ్వలేదు. ఉదాహరణకు, పాత ధర మీద అడ్డగీత కొట్టి పక్కన కొత్త ధర వెయ్యాలంటే 'స్ట్రైక్‌త్రూ' కావాలి. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వర్డ్ దీనికి సిద్ధంగా కీ ఏదీ పెట్టలేదు. మనమే పెట్టుకుందాం.

వర్డ్‌లో 'ఫైల్', తర్వాత 'ఆప్షన్స్', అందులో 'కస్టమైజ్ రిబ్బన్' తెరవండి. అడుగున 'కీబోర్డ్ షార్ట్‌కట్స్' అన్న మాట పక్కన 'కస్టమైజ్' బటన్ ఉంటుంది. అది నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఎడమవైపు 'ఆల్ కమాండ్స్' ఎంచుకుని, కుడివైపు జాబితాలో 'స్ట్రైక్‌త్రూ' పట్టుకోండి. 'ప్రెస్ న్యూ షార్ట్‌కట్ కీ' అన్న గడిలో క్లిక్ చేసి, కంట్రోల్, ఆల్ట్ రెండూ అదిమి ఉంచి ఎక్స్ నొక్కండి. దాని కిందే ఆ కీలు ఇప్పటికే ఏ పనికైనా వాడుకలో ఉన్నాయేమో కనిపిస్తుంది. 'అన్‌అసైన్డ్' అని ఉంటే ఖాళీ అన్నమాట. లేకపోతే వేరే అక్షరం చూసుకోండి. చివరగా 'అసైన్' నొక్కితే సరి.

డబ్బు పెట్టి వర్డ్ కొనలేదంటారా? ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ రైటర్‌లోనూ ఈ సౌకర్యం ఉంది. 'టూల్స్'లో 'కస్టమైజ్', అందులో 'కీబోర్డ్' చూడండి.

కొన్ని జాగ్రత్తలు మాత్రం మరవకండి. కాపీ, పేస్ట్, సేవ్, ప్రింట్ వంటి అందరికీ అలవాటైన కీల జోలికి పోవద్దు. ఇంట్లో పిల్లలూ అదే కంప్యూటర్ వాడుతుంటే, వాళ్లు సేవ్ అనుకుని నొక్కినది ఇంకేదో అయి కూర్చుంటుంది. 'సేవ్ ఛేంజెస్ ఇన్' దగ్గర 'నార్మల్' అని ఉంటే మార్పు అన్ని డాక్యుమెంట్లకూ వర్తిస్తుంది. ఒక్క ఫైలుకే చాలనుకుంటే అక్కడ ఆ ఫైలు పేరు ఎంచుకోండి. పెట్టిన కీ నచ్చకపోతే అదే పెట్టెలో దాన్ని ఎంచుకుని 'రిమూవ్' నొక్కండి. 'రీసెట్ ఆల్' నొక్కారా, మీరు పెట్టుకున్నవన్నీ పోతాయి సుమా! ఇంకో మాట, మీ కీలు మీ కంప్యూటర్లోనే పనిచేస్తాయి. నెట్ సెంటర్లో కూర్చుని నొక్కి, రాలేదని కంగారు పడకండి.

ఒక్కసారే ఇరవై కీలు పెట్టుకుంటే ఏదీ గుర్తుండదు. ఈ వారం పని చేస్తూ మౌస్ కోసం మాటిమాటికీ చెయ్యి ఎందుకు వెళ్తోందో ఓ కాగితం మీద గీతలు పెట్టుకోండి. ఎక్కువ గీతలు పడ్డ మూడు పనులకే కీలు పెట్టండి. ఆ మూడూ చిన్న చీటీ మీద రాసి స్క్రీన్ అంచుకు అంటించండి. అలవాటయ్యాక చీటీ తీసేద్దురుగాని.

చేతులకు తిమ్మిర్లు, నొప్పి తగ్గకుండా ఉంటే మాత్రం కీలు మార్చి ఊరుకోకండి, డాక్టరుకు చూపించుకోండి. ఇంటికి ఆసరా ఆ చేతులేగా!