పొదుపు రుబ్బిన పిండిలోనే

ఇంట్లో బ్రెడ్ కాల్చుకుంటే డబ్బు మిగులుతుందన్న మాట విజయవాడ వంటింటికి సరిపడదు. 1500 వాట్ల ఓవెన్ ఆగకుండా 40 నిమిషాలు నడిస్తే ఒక యూనిట్ కరెంటు. దానిపైన మైదా, ఈస్టు, వెన్న. బేకరీవాళ్లు ఒకే వాయిలో ఎన్నో బ్రెడ్లు కాలుస్తారు కాబట్టి ఆ ఖర్చు వాళ్లకు అన్నింటి మీదా సర్దుకుంటుంది. మనకు ఒక్కదాని మీదే పడుతుంది. అసలు ఆదా ఇడ్లీలో, పెసరట్టులో ఉంది. వాటికి కావలసిన పప్పులు మన దగ్గరే పండుతాయి. కృష్ణా డెల్టా రైతులు వరి కోతకు ముందే చేలో మినుము, పెసర చల్లి, నేలలో మిగిలిన తేమతోనే పండిస్తారు. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ చాలు. పెసరట్టుకు పిండి పులియబెట్టే పనీ లేదు. అయితే రుబ్బే శ్రమ ఇల్లాలి ఒక్కదాని మీదే వేస్తే అది పొదుపు కాదు, అన్యాయం. బ్రెడ్ సరదాకు చేసుకోండి. డబ్బు మిగలాలంటే ఇంటిల్లిపాదీ పని పంచుకుని పప్పు నానబోయండి.