సూక్తి కింద నేల

పెద్ద వ్యాపారవేత్తల సూక్తులు పొద్దున్నే మూసాపేట మెట్రోలో ఫోన్ల నిండా తిరుగుతుంటాయి. వట్టి ఊకదంపుడని కొట్టిపారేయనక్కర్లేదు. కాకపోతే అవి ఏ నేలలో మొలిచాయో చూడాలి. కొత్త మందును మన దేశంలోనే కనిపెట్టాలని పదేపదే చెప్పిన డాక్టర్ కల్లం అంజిరెడ్డి, పక్కనే ఉన్న బాలానగర్‌లోని ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో మందుల తయారీ పనిని ఒంటబట్టించుకున్నవారే. మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చిన 1970 చట్టం, అదే మందును మరో పద్ధతిలో చేసుకునేందుకు దారి వేసింది. 1984లో ఆయన మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ పుట్టింది. అంటే ఆయన ధైర్యం వెనుక ప్రభుత్వ సంస్థ, ప్రభుత్వ చట్టం ఉన్నాయి. సూక్తుల్లో ఎగిరిపోయే ముక్క ఇదే.

ఆ అవకాశం చాలామందికి దక్కింది, అందరూ అంజిరెడ్డి కాలేదుగా అనవచ్చు. నిజమే, ఆ తేడా ఆయనదే. జెనరిక్ వ్యాపారం సాగుతుండగానే 1993లో పరిశోధనా సంస్థ పెట్టారు. 1997లో నోవో నార్డిస్క్ కంపెనీకి లైసెన్సు ఇచ్చిన మధుమేహ మందు బాలగ్లిటజోన్ దుకాణం దాకా రాలేదు. 2013 మార్చిలో కన్నుమూసేనాటికీ ఆయన కొత్త మందు కోరిక తీరలేదు. ఓడినా యజమానికి పోయేదేముంది, ఉద్యోగికి ఆ వెసులుబాటు ఎక్కడిదన్న అభ్యంతరం బలమైనదే. కాబట్టి కుర్ర ఇంజినీర్లకు ధైర్యం నూరిపోసే సైబరాబాద్ కంపెనీలు, విఫలమైన ప్రయోగానికి జీతమూ గడువూ కూడా ఇవ్వాలి.