హై లిఫ్ట్ క్యామ్ వేస్తున్నారా? ముందు స్ప్రింగ్‌ని కొలవండి

పోయిన నెల ఓ శనివారం పొద్దున్నే బండి హెడ్‌ని బ్యాగులో పెట్టుకుని విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లా. వాల్వులు గ్రైండింగ్ చేయించడం, సాయంత్రానికి కొత్త హై లిఫ్ట్ క్యామ్ బిగించేయడం, ఆదివారం మంగళగిరి దాకా ఓ రౌండ్. ఇదీ ప్లాన్. బండి పాత సింగిల్ సిలిండర్, పుష్‌రాడ్ ఇంజిన్. క్యామ్ ఆన్‌లైన్‌లో తెప్పించా. స్ప్రింగ్ టైట్‌గా ఉంటే మంచిదని ఓ వీడియోలో చూసి, దాని కింద వేయడానికి 1 మిల్లీమీటరు వాషర్లు కూడా కొన్నా.

మేస్త్రి ఆ వాషర్లు చేతిలోకి తీసుకుని, "ఇవి వేస్తే స్ప్రింగ్‌కి గ్యాప్ ఎంత మిగులుద్దో చూసుకున్నావా తమ్ముడూ?" అన్నాడు.

నేను తెల్లమొహం వేశా. రోజంతా కోడ్ రాసేవాణ్ని, ఒక్క తీసివేత లెక్క చేయలేదు!

సంగతేంటంటే, క్యామ్ తిరిగినప్పుడు వాల్వ్ ఎంత దూరం కిందికి దిగుతుందో అదే లిఫ్ట్. హై లిఫ్ట్ క్యామ్ వాల్వ్‌ని ఇంకాస్త ఎక్కువ తెరుస్తుంది, గాలీ పెట్రోలూ ఎక్కువ లోపలికి వెళ్తాయి. బాగానే ఉంది. కానీ వాల్వ్ ఎంత దిగితే దాని స్ప్రింగ్ కూడా అంత నొక్కుకుపోవాలి. నొక్కగా నొక్కగా చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుపోతే దాన్ని కాయిల్ బైండ్ అంటారు. ఆ క్షణం నుంచి అది స్ప్రింగ్ కాదు, ఇనుప గొట్టం. క్యామ్ మాత్రం తోస్తూనే ఉంటుంది. అప్పుడు ఏదో ఒకటి లొంగాలి. పుష్‌రాడ్ వంగుతుంది, రాకర్ విరుగుతుంది, లేదా స్ప్రింగే విరిగి వాల్వ్ సిలిండర్‌లో పడుతుంది. స్పీడులో ఉండగా ఇంజిన్ పట్టేస్తే వెనక చక్రం లాక్ అవుతుంది. ఆఫీసులో బగ్ వస్తే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లొచ్చు. హైవే మీద ఆ ఆప్షన్ లేదు.

కొలవాల్సినవి మూడే.

ఒకటి, ఇన్‌స్టాల్డ్ హైట్. వాల్వ్ మూసి ఉన్నప్పుడు స్ప్రింగ్ కూర్చునే చోటి నుంచి పైన రిటైనర్ అడుగు దాకా ఎత్తు. స్ప్రింగ్ లేకుండా రిటైనర్, లాక్‌లు మాత్రం పెట్టి, వాల్వ్‌ని గట్టిగా పైకి లాగి పట్టుకుని కొలవాలి. నాది 35.5 మిల్లీమీటర్లు.

రెండు, బైండ్ హైట్. స్ప్రింగ్‌ని వైస్‌లో చుట్లు ఆనుకునే దాకా నొక్కి వెర్నియర్‌తో కొలవాలి. కళ్లద్దాలు తప్పనిసరి, జారిందంటే బుల్లెట్‌లా వస్తుంది. నాది 25.2.

మూడు, వాల్వ్ దగ్గర లిఫ్ట్. క్యామ్‌తో వచ్చిన కాగితం మీద లోబ్ లిఫ్ట్ మాత్రమే ఉంటే దాన్ని రాకర్ రేషియోతో గుణించాలి. చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. నా పాత క్యామ్‌కి 8.1, కొత్తదానికి 9.6 వచ్చింది.

ఇక లెక్క. 35.5లోంచి 25.2 తీస్తే 10.3. స్ప్రింగ్ నొక్కుకోగలిగిన దూరం అంతే. పాత క్యామ్‌తో 2.2 మిగిలేది. కొత్తదానితో 0.7. నేను కొన్న వాషర్ వేస్తే ఇంకో మిల్లీమీటరు పోయి, మైనస్ 0.3! అంటే మొదటి కిక్‌కే ఇనుముకి ఇనుము.

"0.7 ఉందిగా, వాషర్ తీసేస్తే చాలుగా" అన్నా. మేస్త్రి ఒప్పుకోలేదు. చేత్తో తిప్పితే ఆ గ్యాప్ చాలు. ఆర్‌పీఎం పెరిగాక స్ప్రింగ్ చుట్లు వాటంతట అవే అలల్లా ఊగుతాయి, గ్యాప్ తక్కువుంటే ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అందుకే క్యామ్ తయారీదారు వేరే లెక్క చెప్పకపోతే, ఫుల్ లిఫ్ట్‌లో మొత్తం మీద 1.5 మిల్లీమీటర్లయినా మిగలాలన్నది మెకానిక్‌లు పాటించే లెక్క. లోపల ఇంకో చిన్న స్ప్రింగ్ ఉంటే దానికీ విడిగా కొలవాలి. రెండిట్లో ఏది ముందు బైండ్ అయినా కథ ఒకటే.

ఇంకో చోటు కూడా చూడాలి. వాల్వ్ దిగినప్పుడు రిటైనర్ అడుగు, కింద గైడ్ మీదున్న ఆయిల్ సీల్‌కి తగలకూడదు. అక్కడా ఇంచుమించు 1.5 మిల్లీమీటర్లు ఉండాలి. తగిలితే ముందు సీల్ పోతుంది, తర్వాత పొగ, ఆ తర్వాత పెద్ద ఖర్చు.

లెక్క సరిపోయినా, బిగించాక మళ్లీ చూసుకోండి. స్పార్క్ ప్లగ్ తీసి, ఇంజిన్‌ని చేత్తో మెల్లగా తిప్పండి. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు చుట్ల మధ్య ఫీలర్ గేజ్ పెట్టి, ఒక్కో సందూ కొలిచి కూడండి. ఎక్కడైనా పట్టేసినట్టు అనిపిస్తే బలవంతం చేయొద్దు, ఆపి విప్పండి.

ఆ ఆదివారం మంగళగిరి వెళ్లలేదు. క్యామ్ చేసినవాళ్లే దానికి సరిపోతాయని చెప్పిన స్ప్రింగులు ఆర్డర్ పెట్టా. అవి 24.1 దగ్గర బైండ్ అవుతాయి, అంటే 1.8 మిగిలింది. రెండు వారాలు లేటయింది, జేబుకి ఇంకాస్త చిల్లు పడింది. వాషర్లు మాత్రం నా డెస్క్ మీద మానిటర్ పక్కనే ఉన్నాయి.

క్యామ్ కొనేటప్పుడే స్ప్రింగ్ డబ్బులు కూడా లెక్కేసుకోండి. మీ బండి అంకెలు నావి కావు, మీవి మీరే కొలవండి. ఇంతటితో అయిపోలేదు, ఎక్కువ దిగిన వాల్వ్ పిస్టన్‌కి తగులుతుందో లేదో కూడా చూడాలి. పిల్లలు ఆడుకునే క్లేతో అది ఎలా కొలవాలో వచ్చే వారం.