దయ్యాల మేకప్ పిల్లచేష్టేనా?
రాక్షస ముసుగులు చేసుకోవడాన్ని పిల్లచేష్టగా కొట్టిపారేసేవాళ్లు హాలీవుడ్ మేకప్ చరిత్రను ఒకసారి తిరగేయాలి. ‘ది ఎక్సార్సిస్ట్’ (1973) సినిమాకు మేకప్ చేసిన డిక్ స్మిత్ ఈ విద్యను ఏ బడిలోనూ నేర్వలేదు. యేల్‌లో చదువుకుంటూ సరదాకి మొదలుపెట్టి, తన ముఖం మీదే ప్రయోగాలు చేసుకున్నాడు. నిపుణులు కిటుకులను గుట్టుగా దాచుకునే ఆ రోజుల్లో, 1965లో ఆయన దయ్యం వేషం ఎలా వేయాలో పిల్లల కోసం పుస్తకమే రాశాడు; ఉత్తరాలు రాసిన కుర్రాళ్లకు ఓపిగ్గా జవాబులిచ్చాడు. అలా ఆయన చేరదీసిన రిక్ బేకర్ తర్వాత 7 ఆస్కార్లు గెలిచాడు. గ్రాఫిక్స్ వచ్చాక ఇవన్నీ ఎందుకంటారా? కంప్యూటర్‌లో బొమ్మ మలిచేవారికైనా చర్మం ఎక్కడ ముడతపడుతుందో, నోరు తెరిస్తే దవడ కింద ఏది సాగుతుందో తెలియాలి. ముసుగు కోసం మట్టి పిసికిన చేతికి అది త్వరగా తెలుస్తుంది. గాయాలు, నెత్తురు చూసి చూసి పిల్లలు మొరటెక్కుతారన్నది ఇంకో భయం. కార్న్ సిరప్‌లో రంగు కలిపి నెత్తురు చేసిన పిల్లకు తెరమీది నెత్తురు బూటకమని అందరికంటే ముందే తెలిసిపోతుంది కదా! నాకు నిజంగా అభ్యంతరం అనిపించేది ఒంటరిగా ముఖానికి అచ్చు తీసుకోవడం. కళ్లూ నోరూ మూసుకుపోయి, ఊపిరికి ముక్కు రంధ్రాలే మిగిలే ఆ పనిని పక్కన తెలిసిన మనిషి లేకుండా చేయనివ్వకూడదు. ముసుగులకు వాడే లేటెక్స్ పడని ఒళ్లూ ఉంటాయి.